వెలుగును పెంచే పోగు, వేడిని చెప్పే పోగు: ఎలియాస్ స్నిట్జర్ పరిశోధన

హాల్‌మార్క్ ఉన్న ఉంగరాన్ని తిప్పి, లోపలి వైపు భూతద్దం పెట్టి చూస్తే బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత అంకెతో పాటు అక్షరాలూ అంకెలూ కలిసిన 6 గుర్తుల కోడ్ కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ బంగారు నగలు అమ్మడానికి వీల్లేదు. అంత చిన్న చోట అంత స్పష్టంగా ఆ గుర్తులు వేసేది సాధారణంగా ఫైబర్ లేజర్ యంత్రమే. హైదరాబాద్ బాలానగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప రేకుల్ని కోసి ఇచ్చే షాపుల్లోనూ ఇప్పుడు ఎక్కువగా వినపడే మాట ఫైబర్ లేజర్ కటింగే. ఇంకోవైపు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల వైండింగ్‌లో ఏ చోట ఎంత వేడెక్కిందో లోపలే ఉండి చెప్పేది కూడా ఒక గాజు పోగే. లక్షల వోల్టుల మధ్య లోహపు తీగతో చేసిన థర్మోకపుల్ పెట్టడం ప్రమాదం. గాజుకు ఆ బెడద లేదు.

లోహాన్ని కోసే పోగు, వేడిని కొలిచే పోగు అనగానే రెండు వేర్వేరు శాస్త్రాలు అనిపిస్తాయి. కాలేజీల్లో పాఠాలూ వేరుగానే చెబుతారు, సదస్సులూ ఎక్కువగా వేరుగానే జరుగుతాయి. కానీ ఈ రెండింటి వెనుకా ఒకే ప్రశ్నను నలభై ఏళ్ల పాటు పట్టుకుని తిరిగిన ఒక మనిషి ఉన్నారు. సన్నటి గాజు పోగులో వెలుగు ఏ ఆకారంలో నిలుస్తుంది, దారిలో దాన్ని ఏది మారుస్తుంది అన్నదే ఆ ప్రశ్న. ఆయన అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎలియాస్ స్నిట్జర్. 1925లో మసాచుసెట్స్‌లోని లిన్‌లో పుట్టి, 2012లో కన్నుమూశారు. ఫైబర్ ఆప్టిక్స్ అనగానే మన దేశంలో నరీందర్ సింగ్ కపానీ పేరు చెబుతారు, 2009లో నోబెల్ అందుకున్న చార్ల్స్ కావో పేరు చెబుతారు. స్నిట్జర్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆయన పనిని వరుసలో పెట్టి చూస్తే, లేజర్‌నూ సెన్సర్‌నూ విడివిడిగా చదవడం వల్ల ఏం పోగొట్టుకుంటున్నామో తెలుస్తుంది.

షికాగో విశ్వవిద్యాలయంలో 1953లో డాక్టరేట్ చేసిన స్నిట్జర్, 1959లో అమెరికన్ ఆప్టికల్ అనే కంపెనీలో చేరారు. మసాచుసెట్స్‌లోని సౌత్‌బ్రిడ్జ్ ఊళ్లో ఉన్న ఆ కంపెనీ ప్రధానంగా కళ్లద్దాల తయారీదారు. లేజర్ చరిత్రలో కళ్లద్దాల కంపెనీకి ఏం పని అనిపించవచ్చు. ఆ రోజుల్లో ఫైబర్ అంటే సమాచార ప్రసారం కాదు. వేల గాజు పోగుల్ని కట్టగా కట్టి, ఒక చివర ఉన్న బొమ్మను రెండో చివరకు తీసుకెళ్లడం ముఖ్యమైన పని. కడుపులోకి దింపే ఎండోస్కోప్ అలా పుట్టిందే. గాజును కరిగించడం, రకరకాల దినుసులు కలపడం, సన్నగా సాగదీయడం తెలిసినవాళ్లు అక్కడ ఉన్నారు. స్నిట్జర్ చేసిన ప్రతి పెద్ద పనిలోనూ ఈ గాజు పనివాళ్ల నైపుణ్యం కనిపిస్తుంది. పక్క గదిలో గాజు కొలిమి లేకుండా కాగితం మీద లెక్కలు మాత్రమే వేసి ఉంటే ఆయన కథ ఇంత దూరం వచ్చేది కాదని నమ్మకంగా చెప్పవచ్చు.

పోగుల్ని మరీ సన్నగా లాగినప్పుడు ఒక వింత బయటపడింది. పోగు చివర చూస్తే తెల్లటి గుండ్రటి చుక్క రావాల్సింది పోయి, రంగురంగుల ఆకారాలు కనిపించాయి. కొన్నిటిలో రెండు మచ్చలు, కొన్నిటిలో నాలుగు, కొన్నిటిలో వలయాలు. పాఠ్యపుస్తకంలో గీసినట్టు వెలుగు గోడకు కొట్టుకుని వెనక్కి మళ్లి, మళ్లీ అవతలి గోడకు కొట్టుకుంటూ పోతుందనే బొమ్మ ఇక్కడ సరిపోదు. పోగు మధ్య భాగం, అంటే కోర్, వెలుగు తరంగదైర్ఘ్యానికి కొన్ని రెట్లు మాత్రమే ఉన్నప్పుడు అందులో వెలుగు కొన్ని నిర్దిష్టమైన ఆకృతుల్లోనే నిలవగలుగుతుంది. వీటినే మోడ్‌లు అంటారు. 1961లో స్నిట్జర్ ఈ మోడ్‌ల సిద్ధాంతాన్ని వివరంగా రాశారు. సహచరుడు హెరాల్డ్ ఆస్టర్‌బర్గ్‌తో కలిసి వాటిని కంటికి కనిపించే వెలుగులో చూపించారు. కోర్‌ను ఇంకా సన్నగా చేస్తే ఒకే ఒక్క మోడ్ మిగులుతుంది. ఇవాళ ఇంటింటికీ ఇంటర్‌నెట్ తెచ్చే సింగిల్ మోడ్ ఫైబర్‌కు ఆధారం అదే. ఈ వ్యాసంలో మున్ముందు వచ్చే లేజరైనా సెన్సరైనా ఈ మోడ్‌ల అవగాహన మీద కట్టినవే.

అప్పటికి లేజర్ పుట్టి ఏడాది. 1960 మే 16న థియొడోర్ మైమన్ రూబీ స్ఫటికంతో తొలి లేజర్‌ను వెలిగించారు. స్ఫటికం పెంచడం కష్టమైన పని, దాని సైజుకూ పరిమితి ఉంటుంది. గాజైతే ఎంత పెద్దదైనా పోతపోయవచ్చు, ఎంత సన్నగానైనా లాగవచ్చు. కానీ గాజులో అణువుల అమరిక క్రమంగా ఉండదు కాబట్టి లేజర్ రాదేమోనన్న సందేహం ఉండేది. స్నిట్జర్ 1961లోనే నియోడిమియం కలిపిన గాజుతో లేజర్‌ను సాధించారు. నియోడిమియంను ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. రూబీలో క్రోమియం అయాన్లు వెలుగు విడిచాక అట్టడుగు స్థాయికే దిగుతాయి. అందువల్ల సగానికి పైగా అయాన్లను పైకి ఎక్కిస్తే తప్ప వెలుగు పెరగదు. నియోడిమియం అయాన్లు వెలుగు విడిచి దిగే స్థాయి అడుగుకన్నా పైన, దాదాపు ఖాళీగా ఉంటుంది. కొన్ని అయాన్లు పైకెక్కినా పని మొదలవుతుంది. ఆ గాజు వంశం ఇప్పటికీ బతికే ఉంది. 2022 డిసెంబర్ 5న కాలిఫోర్నియాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో, లక్ష్యానికి చేరిన లేజర్ శక్తికన్నా ఎక్కువ శక్తిని కేంద్రక సంలీనంతో రాబట్టినప్పుడు పనిచేసిన 192 కిరణాలూ నియోడిమియం గాజులోనే బలం పుంజుకున్నాయి.

గాజులో లేజర్ వచ్చింది, పోగులో వెలుగు ఎలా నిలుస్తుందో తెలిసింది. రెండూ కలపడమే తరువాతి మెట్టు. చార్ల్స్ కోస్టర్‌తో కలిసి స్నిట్జర్ 1964లో ప్రచురించిన ప్రయోగాన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి. పోగు పొడవు 1 మీటరు. దాని కోర్ 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. ఆ కోర్‌లో నియోడిమియం. పోగును స్ప్రింగులా చుట్టి, మధ్యలో ఫ్లాష్ ల్యాంప్ గొట్టాన్ని పెట్టారు. ల్యాంప్ ఒక్కసారి మెరిసినప్పుడు ఆ వెలుగు పోగు పక్కల నుంచి లోపలికి దిగి నియోడిమియం అయాన్లను పైకి ఎక్కిస్తుంది. అదే క్షణంలో ఒక చివర నుంచి చిన్న సంకేతాన్ని పంపితే రెండో చివరకు వచ్చేసరికి అది 50,000 రెట్లు వరకు పెరిగింది. పోగు రెండు చివరల్నీ సూటిగా కాకుండా ఏటవాలుగా సానపట్టారు. సూటిగా ఉంటే చివర తగిలిన వెలుగులో కొంత వెనక్కి వచ్చి, అటూ ఇటూ తిరుగుతూ, సంకేతంతో సంబంధం లేకుండా దానంతట అదే లేజర్‌గా మారిపోతుంది. ఏటవాలుగా కోస్తే వెనక్కి మళ్లిన వెలుగు కోర్‌లో నిలవకుండా పక్కకు పోతుంది. ఈ చిన్న జాగ్రత్త తరువాతి కాలంలో ఎక్కడెక్కడ పనికొచ్చిందో మున్ముందు చూద్దాం.

50,000 రెట్లు అన్నది చిన్న అంకె కాదు. అయినా ఆ ప్రయోగం ఇరవై ఏళ్లకు పైగా పెద్దగా ఎవరికీ అక్కరకు రాలేదు. స్నిట్జర్ కాలానికన్నా ముందు ఉన్నారని ఒక్క మాటలో తేల్చేయడం మామూలు. కానీ ఆ మాట ఏదీ వివరించదు. లెక్కలు చూస్తే కారణాలు స్పష్టంగా ఉన్నాయి. మొదటిది, పంపడానికి సంకేతమే లేదు. గాజు పోగుతో దూర ప్రాంతాలకు సమాచారం పంపవచ్చని కావో, జార్జ్ హాక్‌హామ్ రాసింది 1966లో. కార్నింగ్ సంస్థ కిలోమీటరుకు 17 డెసిబెల్ నష్టం ఉన్న పోగును సాధించింది 1970లో. అంటే కిలోమీటరు దాటేసరికి నూటికి 2 వంతుల వెలుగు మిగిలేది. అప్పట్లో అదే గొప్ప. ఇప్పటి పోగుల్లో నష్టం 0.2 డెసిబెల్ దాకా తగ్గింది, కిలోమీటరు తరువాత కూడా 95 శాతానికి పైగా వెలుగు మిగిలే ఉంటుంది. రెండో కారణం పంపు కాంతి, అంటే అయాన్లను పైకి ఎక్కించే వెలుగు. ఫ్లాష్ ల్యాంప్ మెరిసి ఆరిపోతుంది, దాని వెలుగులో ఎక్కువ భాగం పోగుకు తగలనే తగలదు. నిరంతరం వెలిగే, సరైన రంగు ఉన్న, పోగు చివర నుంచే లోపలికి దూర్చగలిగే వెలుగు కావాలి. అది సెమీకండక్టర్ డయోడ్ లేజరే ఇవ్వగలదు. తగినంత బలమైన డయోడ్లు రావడానికి 1980లు పట్టింది.

ఆ సరంజామా సిద్ధమయ్యాక పని వేగంగా సాగింది. 1985లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, నష్టం పెరగకుండా నియోడిమియం, ఎర్బియం లాంటి రేర్ ఎర్త్ మూలకాలను సిలికా పోగులో కలిపే పద్ధతిని చూపింది. 1987లో అదే బృందం, దాదాపు అదే సమయంలో బెల్ ల్యాబ్స్‌లో ఎమాన్యుయేల్ దెసూర్వీర్ బృందం, ఎర్బియం కలిపిన పోగుతో 1.55 మైక్రాన్ల దగ్గర సంకేతాన్ని పెంచి చూపాయి. సిలికా పోగులో నష్టం అతి తక్కువగా ఉండేది కూడా సరిగ్గా అక్కడే. అంతకుముందు సముద్రం అడుగున కొన్ని పదుల కిలోమీటర్లకోసారి వెలుగును కరెంటుగా మార్చి, మళ్లీ వెలుగుగా మార్చే పెట్టెలు ఉండేవి. 1996లో పూర్తయిన అట్లాంటిక్ కేబుల్ టీఏటీ-12/13లో ఆ మార్పిడి లేకుండా వెలుగును వెలుగుగానే పెంచారు. మూలకం మారింది, పంపు మారింది. పద్ధతి మాత్రం 1964 నాటిదే.

ఈలోగా స్నిట్జర్ ఏం చేస్తున్నారన్నది చాలామంది దాటవేసే అధ్యాయం. 1970ల చివరలో ఆయన కనెటికట్‌లోని ఈస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న యునైటెడ్ టెక్నాలజీస్ రీసెర్చ్ సెంటర్‌కు మారారు. విమాన ఇంజన్లు చేసే ప్రాట్ అండ్ విట్నీ కూడా ఆ సంస్థదే. ఇంజన్ల పరిశ్రమకు కావలసింది వేరు. ఎక్కడ ఎంత వేడి ఉంది, ఎక్కడ లోహం సాగుతోంది, మామూలు తీగలు తట్టుకోలేని చోట దాన్ని ఎలా కొలవాలి అన్నవి అక్కడి ప్రశ్నలు. సమాచార ప్రసారంలో వేడి, ఒత్తిడి, వంపు శత్రువులు. అవి వెలుగును చెదరగొడతాయి కాబట్టి వాటి నుంచి పోగును కాపాడటానికి కేబుల్ తొడుగులు వేస్తారు. కొలిచేవాళ్లకు ఆ చెదరడమే కావాలి.

జెరాల్డ్ మెల్ట్జ్, జేమ్స్ డన్‌ఫీ, విలియం మోరీలతో కలిసి స్నిట్జర్ 1983లో వివరించిన వేడి కొలిచే పోగులో ఒకే క్లాడింగ్, అంటే కోర్ చుట్టూ ఉండే గాజు పొర, లోపల రెండు కోర్‌లు పక్కపక్కన ఉంటాయి. వెలుగును ఒక కోర్‌లోకే పంపుతారు. కోర్‌లు చాలా దగ్గరగా ఉన్నప్పుడు మోడ్ అంచు పక్క కోర్‌ను తాకుతుంది. కొంత దూరం పోయేసరికి వెలుగు రెండో కోర్‌లోకి మారుతుంది, ఇంకొంత దూరం పోతే తిరిగి వస్తుంది. ఎంత దూరానికి ఎంత మారుతుందన్నది గాజు లక్షణాల మీద, కాబట్టి ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. చివర రెండు కోర్‌ల నుంచి వచ్చే వెలుగుల పాళ్లు చూస్తే వేడి తెలుస్తుంది. పాళ్లు అన్న మాట ఇక్కడ కీలకం. దీపం మసకబారినా, కనెక్టర్ దగ్గర దుమ్ము పడినా రెండు వెలుగులూ ఒకేలా తగ్గుతాయి, పాళ్లు మారవు.

అదే ఏడాది లండన్‌లో ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ల మీద తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. అక్కడ స్నిట్జర్, మోరీ, విలియం గ్లెన్ సమర్పించిన పత్రం రేర్ ఎర్త్ మూలకాలతో ఉష్ణోగ్రత కొలవడం గురించి. లేజర్ కోసం వాడిన అయాన్లే ఇక్కడ కొలబద్దలయ్యాయి. రేర్ ఎర్త్ అయాన్ల అడుగు స్థాయి నిజానికి ఒకే గీత కాదు, దగ్గర దగ్గరగా ఉన్న కొన్ని ఉప స్థాయిలు. వేడి పెరిగేకొద్దీ ఎక్కువ అయాన్లు పై ఉప స్థాయిలకు చేరతాయి. దాంతో కొన్ని రంగుల వెలుగును ఆ గాజు ఎక్కువగా పీల్చుకుంటుంది. వేడితో బాగా మారే రంగునొకదాన్ని, అంతగా మారని రంగునొకదాన్ని పోల్చి చూస్తే ఉష్ణోగ్రత బయటపడుతుంది. ఇదే దారిలో ఇంకో పద్ధతీ స్థిరపడింది. అయాన్లను ఒక్కసారి మెరిపించి వదిలేస్తే వాటి వెలుగు ఎంతసేపటికి ఆరిపోతుందో కొలుస్తారు. వేడి మారితే ఆ సమయం మారుతుంది. ఎంత వెలుగు చేరిందన్న దానితో సంబంధం లేదు కాబట్టి పోగు వంగినా కొలత చెడదు. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో, ఎమ్మారై యంత్రాల దగ్గర వాడే కొన్ని రకాల ప్రోబ్‌లు పనిచేసేది ఈ సూత్రం మీదే.

లేజర్ దారీ సెన్సర్ దారీ బాగా పెనవేసుకున్న చోటు బ్రాగ్ గ్రేటింగ్. 1978లో ఒట్టావాలోని కమ్యూనికేషన్స్ రీసెర్చ్ సెంటర్‌లో కెన్నెత్ హిల్ బృందం జెర్మేనియం కలిపిన పోగులోకి ఆర్గాన్ లేజర్ వెలుగును పంపుతుండగా, వెనక్కి వచ్చే వెలుగు క్రమంగా పెరగడం గమనించింది. పోగులో ఎదురెదురుగా నడిచిన తరంగాలు గాజులో శాశ్వతమైన చారలు పెట్టాయి. వక్రీభవన గుణకం కాస్త ఎక్కువ, కాస్త తక్కువ, మళ్లీ ఎక్కువ, ఇలా క్రమం తప్పని చారలు. అవి ఒక్క తరంగదైర్ఘ్యాన్ని మాత్రమే వెనక్కి తిప్పుతాయి. కానీ ఆ పద్ధతిలో, రాసిన వెలుగు రంగుకే గ్రేటింగ్ పనిచేసేది. స్నిట్జర్ వెళ్లిపోయిన కొన్నేళ్లకు, 1989లో, ఈస్ట్ హార్ట్‌ఫర్డ్‌లోని మెల్ట్జ్, మోరీ, గ్లెన్ ఆ చిక్కు విప్పారు. పోగు పక్క నుంచి రెండు అతినీలలోహిత కిరణాలను ఒక కోణంలో కలిపి చారలు రాశారు. కోణం మారిస్తే చారల ఎడం మారుతుంది, కావలసిన రంగుకు గ్రేటింగ్ తయారవుతుంది. 1550 నానోమీటర్ల వెలుగును తిప్పాలంటే చారల మధ్య ఎడం సుమారు 530 నానోమీటర్లు ఉండాలి.

ఈ గ్రేటింగ్ సెన్సర్ అవుతుంది, అద్దమూ అవుతుంది. పోగును సాగదీస్తే చారల ఎడం పెరిగి, వెనక్కి వచ్చే రంగు జరుగుతుంది. 1550 దగ్గర మీటరు పొడవు పోగు మిల్లీమీటరు సాగితే జరుగుబాటు సుమారు 1.2 నానోమీటర్లు. ఒకే పోగులో వేర్వేరు రంగుల గ్రేటింగ్‌లు వరుసగా రాస్తే వంతెన పొడవునా ఏ చోట ఎంత సాగిందో ఒక్క పోగే చెబుతుంది. అదే గ్రేటింగ్‌లను ఎర్బియం పోగుకు అటొకటి ఇటొకటి రాస్తే అవి లేజర్‌కు రెండు అద్దాలు. అంటుకోవాల్సిన అద్దాలు, సరిచేయాల్సిన స్క్రూలు ఏమీ ఉండవు, అంతా ఒకే గాజు. ఆ లేజర్‌ను సాగదీస్తే దాని రంగే మారుతుంది, అంటే లేజరే సెన్సర్ అయిపోతుంది. దాని వెలుగు మామూలు గ్రేటింగ్ ప్రతిబింబంకన్నా ఎంతో సన్నని రంగు గీత కాబట్టి అతి చిన్న కదలికల్నీ పట్టుకోవచ్చు.

గ్రేటింగ్ సెన్సర్ల గురించి రాసేవాళ్లు తరచూ తేలిగ్గా తీసుకునే ఇబ్బందొకటి ఉంది. గ్రేటింగ్ సాగుదలకే కాదు, వేడికీ స్పందిస్తుంది. డిగ్రీకి దాదాపు 10 పికోమీటర్లు, అంటే 0.01 నానోమీటరు జరుగుతుంది. ఉదయానికీ మధ్యాహ్నానికీ వంతెన 10 డిగ్రీలు వేడెక్కితే, లారీలేవీ రాకుండానే మీటరుకు 80 మైక్రాన్లకు పైగా సాగినట్టు సెన్సర్ చెబుతుంది. అది నిజమైన బరువు వల్ల వచ్చిన సాగుదలో, ఎండ మహిమో విడదీయకపోతే కొలతకు విలువ లేదు. అందుకే పక్కనే బరువు తగలకుండా వదులుగా ఉంచిన ఇంకో గ్రేటింగ్‌ను పెట్టి, దాని జరుగుబాటును తీసేస్తారు. ఏసీ గదిలో, టేబుల్ మీద, ఒక వారం తీసిన గ్రాఫ్‌తో ముగిసే పరిశోధన పత్రాలు అసలు కష్టాన్ని తాకనే తాకవు. 1983లో స్నిట్జర్ బృందాలు రెండు వెలుగుల పాళ్లను ఆశ్రయించింది ఇలాంటి తప్పుడు సూచనల్ని మొదట్లోనే తొలగించడానికి. సెన్సర్ ఎంత సున్నితంగా ఉందన్న అంకెకన్నా, కొలవాలనుకున్నది తప్ప మరేదీ దాన్ని కదిలించదన్న హామీ ముఖ్యం.

1980ల మధ్యలో స్నిట్జర్ పోలరాయిడ్‌కు మారారు. తీసిన వెంటనే ఫొటో చేతికిచ్చే కెమెరాలతో పేరు పడ్డ కంపెనీ అది. అక్కడే ఆయన 1964 నాటి తన చిక్కుకు జవాబు వెతికారు. డయోడ్లు వచ్చాయి, కానీ బలమైన డయోడ్ వెలుగు వెడల్పుగా, చెదురుగా వస్తుంది. 10 మైక్రాన్ల కోర్‌లో అది పట్టదు. అందులో పట్టేంత శుభ్రమైన వెలుగిచ్చే డయోడ్లు బలహీనమైనవి. కాబట్టి ఫైబర్ లేజర్ మిల్లీవాట్ల దగ్గరే ఆగిపోయింది. పోలరాయిడ్ బృందం కోర్ చుట్టూ ఇంకో వెడల్పాటి గాజు పొరను, దాని చుట్టూ మరో పొరను పెట్టింది. పంపు వెలుగు కోర్‌లోకి వెళ్లనక్కర్లేదు, వెడల్పాటి లోపలి పొరలోకి వెళ్తే చాలు. ఆ పొరలో ప్రయాణిస్తూ కోర్‌ను దాటినప్పుడల్లా కొంచెం కొంచెంగా అయాన్లకు శక్తినిస్తుంది. పుట్టే లేజర్ వెలుగు మాత్రం కోర్‌లోనే, ఒకే మోడ్‌లో, శుభ్రంగా ఉంటుంది. లోపలి పొర 125 మైక్రాన్లు, కోర్ 10 మైక్రాన్లు అనుకుంటే పంపు వెలుగుకు దొరికే ద్వారం వైశాల్యం 150 రెట్లకు పైగా పెరిగినట్టే.

ఇక్కడొక మెలిక ఉంది. పొర పూర్తి గుండ్రంగా, కోర్ సరిగ్గా మధ్యలో ఉంటే చాలా కిరణాలు గోడ వెంటే చుట్టూ తిరుగుతూ పోతాయి తప్ప కోర్‌ను తాకవు. నడుమ తులసికోట ఉన్న గుండ్రటి లోగిలిలో గోడ పట్టుకుని ఎన్ని చుట్లు తిరిగినా తులసికోట తగలదు కదా. అందుకే స్నిట్జర్ బృందం కోర్‌ను మధ్య నుంచి పక్కకు జరిపింది. తరువాత వచ్చినవాళ్లు లోపలి పొరను దీర్ఘచతురస్రంగా, అష్టకోణంగా, ఒక పక్క చదునుగా చేశారు. మోడ్‌లనూ కిరణాల దారులనూ పాతికేళ్ల ముందు నుంచే ఎరిగిన మనిషికి ఈ మెలిక ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

1988లో హాంగ్ పో, ఫరీదూన్ హకీమీ, రిచర్డ్ టమినెల్లీ, బి.సి. మెకల్లమ్‌లతో కలిసి స్నిట్జర్ ఈ డబుల్ క్లాడ్ పోగు లేజర్‌ను ప్రకటించారు. ప్రకటించిన వేదిక ఏమిటో గమనించాలి. అది న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ల సదస్సు. ఇవాళ ప్రపంచంలో రేకుల్ని కోస్తున్న కిలోవాట్ ఫైబర్ లేజర్లకు పునాది అయిన పత్రం సెన్సర్ల సదస్సు సంపుటిలో ఉంది. సాధారణంగా గ్రంథసూచికల్లో ఒక పేరుగా మిగిలిపోయే ఈ సంగతి, రెండు రంగాల్నీ వేరుగా చూసే అలవాటుకు గట్టి జవాబు.

ఆ తరువాత నియోడిమియం స్థానంలో యిటర్బియం వచ్చింది. 976 నానోమీటర్ల పంపుతో 1070 దగ్గర వెలుగు తీసుకుంటే, సిద్ధాంతపరంగా శక్తిలో 9 శాతమే వేడిగా పోతుంది. ఆ వేడి కూడా మీటర్ల కొద్దీ పొడవున్న సన్నటి పోగు అంతటా పరుచుకుని తేలిగ్గా బయటికి పోతుంది. స్ఫటికపు లేజర్లలో కడ్డీ నడుమ వేడి పేరుకుని కిరణాన్ని చెడగొట్టేది. 2004లో సౌతాంప్టన్ బృందం ఒకే యిటర్బియం పోగు నుంచి 1.36 కిలోవాట్ల నిరంతర వెలుగును రాబట్టింది. వాలెంటిన్ గపోంత్సెవ్ స్థాపించిన ఐపీజీ ఫొటానిక్స్ ఈ పోగుల్ని ఫ్యాక్టరీ పనిముట్టుగా మార్చింది. ఆ కంపెనీ వేళ్లూనుకున్న ఆక్స్‌ఫర్డ్ ఊరు, స్నిట్జర్ తొలి పోగును చుట్టిన సౌత్‌బ్రిడ్జ్ ఉన్న వూస్టర్ కౌంటీలోనే ఉంది.

స్నిట్జర్ 1989లో న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పోగుల గాజు మీదే పని కొనసాగించారు. జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి 1991లో ప్రసియోడిమియం కలిపిన ఫ్లోరైడ్ గాజుతో 1.3 మైక్రాన్ల దగ్గర పనిచేసే యాంప్లిఫయర్‌ను చూపిన బృందంలో ఆయనా ఉన్నారు. ఎర్బియం అందుకోలేని రంగు అది. ఏ అయాన్ ఏ గాజులో ఎలా ప్రవర్తిస్తుందన్న దగ్గరే మళ్లీ మొదలుపెట్టారన్నమాట.

రెండు దారులూ ఇప్పుడు ఒకే పెట్టెలో ఇమిడిపోయాయి. పైపులైన్ల వెంట, రైలు పట్టాల వెంట పాతిన మామూలు ఫైబర్‌ను వేల మైకుల వరుసగా మార్చే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. దాన్ని డిస్ట్రిబ్యూటెడ్ అకూస్టిక్ సెన్సింగ్ అంటారు. పోగులో ఒక చిన్న పల్స్ పంపితే గాజులోని సహజమైన సూక్ష్మ అసమానతల వల్ల ప్రతి చోటి నుంచీ అతి కొద్దిగా వెలుగు వెనక్కి వస్తుంది. పోగులో వెలుగు మీటరు దూరం వెళ్లి రావడానికి 10 నానోసెకన్లు పడుతుంది కాబట్టి, ఎప్పుడు వచ్చిందో చూస్తే ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఎవరైనా పైపు పక్కన తవ్వితే ఆ చోటి వెలుగు వణుకుతుంది. ఆ వణుకు కనిపించాలంటే పంపే వెలుగు చాలా స్థిరమైన, సన్నని రంగు గీత కావాలి. దానికి ఫైబర్ లేజర్ వాడతారు. పల్స్‌కు బలం ఇవ్వడానికి ఎర్బియం పోగు వాడతారు.

ఫైబర్ జైరోస్కోప్‌లో దీనికి సరిగ్గా తలకిందులైన అవసరం ఉంది. యూటా విశ్వవిద్యాలయంలో విక్టర్ వాలీ, రిచర్డ్ షార్ట్‌హిల్ 1976లో చూపిన ఈ పరికరంలో చుట్టగా చుట్టిన పోగులోకి రెండు వైపుల నుంచీ వెలుగును పంపుతారు. చుట్ట తిరిగితే రెండు వెలుగుల మధ్య తేడా వస్తుంది. అది చూసి విమానమో క్షిపణో ఎంత తిరిగిందో లెక్కగడతారు. ఇక్కడ లేజర్ స్వచ్ఛతే శత్రువు. పోగులో ఎక్కడెక్కడి నుంచో చెదిరి వచ్చిన వెలుగులు కూడా ఒకదానితో ఒకటి కలిసి తప్పుడు సంకేతమిస్తాయి. అందుకని అత్యంత కచ్చితమైన జైరోల్లో అద్దాలు లేని ఎర్బియం పోగును వాడతారు. లేజర్‌గా మారకుండా, విశాలమైన రంగుల పట్టీ ఉన్న బలమైన వెలుగునే అది ఇస్తుంది. చివరల నుంచి వెలుగు వెనక్కి రాకూడదు కాబట్టి వాటిని ఏటవాలుగా కోస్తారు. 1964లో కోస్టర్, స్నిట్జర్ సానపట్టింది ఇలాగే. క్షిపణుల నావిగేషన్ మీద పనిచేసే హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ లాంటి చోట్ల ఫైబర్ జైరో నిత్యం వినపడే మాట.

తెలుగు నేల మీద ఈ రంగం వార్తలకెక్కింది ఎక్కువగా ఆయుధం రూపంలో. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షా కేంద్రంలో డీఆర్‌డీఓ లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చింది. దాన్ని రూపొందించింది హైదరాబాద్‌లోని చెస్ అనే ప్రయోగశాల. దాని సామర్థ్యం 30 కిలోవాట్లని వార్తలు వచ్చాయి. ప్రపంచంలో ఇలాంటి వ్యవస్థలు చాలావరకు అనేక ఫైబర్ లేజర్ల కిరణాల్ని కలిపే పద్ధతి మీదే నడుస్తున్నాయి. సెన్సర్ల వైపు వరంగల్ నిట్ ఫిజిక్స్ విభాగంలో ఏళ్లుగా పని జరుగుతోంది. కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, సెరామిక్ పరిశోధన సంస్థ రేర్ ఎర్త్ కలిపిన పోగుల్ని స్వయంగా తయారుచేస్తుంది. ఈ ఆఖరి సంగతికి దక్కాల్సినంత గుర్తింపు దక్కడం లేదు.

ఎందుకంటే బాలానగర్‌లో రేకు కోసే యంత్రం చట్రం, పట్టాలు, మోటార్లు, కంట్రోలర్ ఇక్కడే బిగించవచ్చు. దాని గుండెకాయ అయిన లేజర్ సోర్సు మాత్రం ఎక్కువగా చైనా నుంచో అమెరికా నుంచో వస్తుంది. ఆ సోర్సును విప్పితే ఉండేవి మూడు: పంపు డయోడ్లు, డబుల్ క్లాడ్ పోగు, గ్రేటింగ్‌లు. ఈ మూడింటిలో ఏదీ కంప్యూటర్ సిమ్యులేషన్‌తో తయారుకాదు. పోగు కోసం ముందు గాజు ప్రీఫారమ్ కడ్డీ చేయాలి. అందులో యిటర్బియం ఒకేచోట గడ్డకట్టకుండా, కొలతలో సమంగా కలవాలి. కొలిమి టవర్ మీద కరిగించి, లోపలి పొర ఆకారం చెడకుండా కిలోమీటర్ల పొడవున లాగాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫొటానిక్స్ చదివే పిల్లలకు మోడ్‌ల సమీకరణాలు వస్తాయి. గాజు లాగే టవర్‌ను కళ్లారా చూసినవాళ్లు అరుదు. స్నిట్జర్‌కు సౌత్‌బ్రిడ్జ్‌లో, పోలరాయిడ్‌లో, రట్గర్స్‌లో తన పోగును తానే చేయించుకునే వీలుండేది. అలాంటి టవర్లు ఇంకా కొన్ని విశ్వవిద్యాలయాల చేతికి అందితే, సెన్సర్ కావాలన్నా లేజర్ కావాలన్నా పని మొదలుపెట్టాల్సిన చోటు అదే.